ఆదివారం గడిచింది, అలుపు తీరలేదు

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి లేచారు. టిఫిను చేసి మళ్లీ ఒరిగారు. మధ్యాహ్నం కోడికూరతో భోంచేసి ఓ కునుకు తీశారు. నడుమ నడుమ ఫోను, కాసేపు టీవీ. గడప దాటలేదు, పుల్ల తీసి పక్కన పెట్టలేదు. అయినా సాయంత్రం ఐదయ్యేసరికి ఒళ్లు బరువు, ఊరికే చిరాకు, రేపు సోమవారమన్న దిగులు. రోజంతా ఖాళీయే కదా, మరి అలుపు పోలేదేం?

చాలామంది దీన్ని వయసు మీదికి నెట్టేస్తారు. లేదంటే బీ-12 విటమిన్ మీదికి. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు, అనుమానముంటే రక్తపరీక్ష చేయించుకోవాల్సిందే. కానీ ఏ జబ్బూ లేని ముప్పై ఏళ్లవాళ్లూ ఇదే మాట చెబుతున్నారు. ఖాళీ దొరకడం ఒకటి, సేద తీరడం ఇంకొకటి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది దానంతటదే వచ్చేయదు. ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అన్నదాని మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా ఓపికగా పని చేస్తున్నారు.

ముందు శరీరం సంగతి చూద్దాం. పనిలో ఉన్నంతసేపూ గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు ఎక్కువవుతాయి. ఇది జబ్బు కాదు, పని నడవాలంటే కావలసిందే. పని ముగిశాక ఇవన్నీ మళ్లీ మామూలు స్థాయికి దిగాలి. 1998లో మైమన్, మల్డర్ అనే ఇద్దరు డచ్ పరిశోధకులు ఒక సిద్ధాంతం చెప్పారు. శ్రమ వల్ల కలిగిన మార్పులు రోజూ పూర్తిగా దిగిపోతుంటే మనిషికి నష్టం లేదు. దిగకముందే మరునాటి పని మొదలైతే నిన్నటి శేషం ఇవాళ్టి దానికి తోడవుతుంది, అలా పేరుకుంటూ పోతుంది. కష్టపడ్డందుకు కాదు, కష్టం దిగనందుకు మనిషి చెడతాడన్నమాట.

పేరుకున్నది ఎక్కడికి తీసుకెళుతుందో చెప్పే లెక్క ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వారానికి 35–40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లకు పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016లో అలా పోయిన ప్రాణాలు ప్రపంచవ్యాప్తంగా సుమారు 7,45,000 అని అంచనా. నిద్ర తగ్గడం, సిగరెట్లు, కదలిక లేకపోవడం, అన్నీ కలిసే ఇది జరుగుతుంది.

ఇక్కడో చిన్న పక్కదారి. మన పాత ఫ్యాక్టరీల చట్టం 1948 నాటిది. వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అన్న పరిమితి దాంట్లోదే. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజు పరిమితిని 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. వారం మొత్తం 48 అలాగే ఉందిగా, ఇంకేం నష్టమని దాన్ని సమర్థించినవాళ్లు అన్నారు. కానీ సేద తీరడం వారం లెక్కన జరగదు, పూట లెక్కన జరుగుతుంది. సాయంత్రంలోంచి గంట తీసేసి శనివారం తిరిగిస్తామంటే అది అదే గంట కాదు. సెలవుల మీద జరిగిన పరిశోధనలూ ఇదే చెబుతున్నాయి. పది రోజులు కేరళ తిరిగొచ్చిన హుషారు, పనిలో చేరిన వారంలోనో మహా అయితే నెలలోపో మాయమైపోతుంది. ఏడాదికోసారి పెద్ద విందు కంటే ఏ రోజు అలుపు ఆ రోజు దిగడమే ముఖ్యం.

సరే, దిగాలంటే ఏం కావాలి? జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త సబీన్ సొనెన్‌టాగ్, ఆమెతో కలిసి పనిచేసిన షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో దీన్ని నాలుగు అనుభవాలుగా విడదీశారు. మొదటిది, మనసు పనిని వదలడం. రెండు, ఒంటికీ మనసుకూ నెమ్మది. మూడు, ఏదో ఒకటి కొత్తగా నేర్చుకుంటున్నానన్న, చేతనవుతోందన్న తృప్తి. నాలుగు, ఈ సమయం నాది, ఏం చేయాలో నేనే తేల్చుకుంటాను అన్న స్వేచ్ఛ. మనం రెండోదాన్నే విశ్రాంతి అనుకుని మంచమెక్కుతాం. మిగతా మూడూ మంచం మీద దొరికేవి కావు.

అన్నింటికన్నా మొండిది మొదటిది. ఎద్దుకైతే కాడి దింపితే చాలు, నెమరు వేసుకుంటూ పడుకుంటుంది. మనిషి మాత్రం కాడి దింపాక కూడా చాలు దున్నుతూనే ఉంటాడు. ఆఫీసులో మేనేజరన్న మాట, రేపు కట్టాల్సిన చీటీ, పంపాల్సిన మెయిలు, ఇవి స్నానాల గదిలోనూ వదలవు. తలుచుకున్నప్పుడల్లా శరీరం ఆ పనిలో ఉన్నట్టే స్పందిస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. హైదరాబాదులో కూర్చుని డల్లాస్‌లోని టీముతో పనిచేసే కుర్రాడి విషయం చూడండి. రాత్రి తొమ్మిదిన్నరకు కాల్ ఉంది. ఏడింటి నుంచే అతను ఆ కాల్‌లో ఉన్నాడు. పని గంటే, కానీ పోయింది సాయంత్రమంతా.

సొనెన్‌టాగ్ తర్వాత గమనించిన ఇంకో విషయం కొంచెం బాధ కలిగిస్తుంది. ఎవరికి సేద తీరడం ఎక్కువ అవసరమో వాళ్లకే అది ఎక్కువ కష్టం. ఒత్తిడి బాగా ఉన్న రోజున మనసు పనిని వదలదు, నడకకు వెళ్లే ఓపిక ఉండదు, నిద్ర సరిగా పట్టదు. అలాంటి మనిషితో ‘కాస్త రిలాక్స్ అవ్వు’ అనడం ఎవరికైనా తేలికే, అవడం అతనికి చేతకావడం లేదు మరి.

పనికొచ్చే ఉపాయం మాత్రం ఒకటుంది. సగంలో ఆగిన పనులే బుర్రలో తిరుగుతుంటాయని 1927లోనే బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు బెర్లిన్‌లో గమనించింది. పని పూర్తి చేయకపోయినా, ఎప్పుడు ఎలా చేయాలో స్పష్టంగా అనుకుంటే ఆ పోరు బాగా తగ్గుతుందని 2011లో మసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగాలు చూపించాయి. ఆఫీసు నుంచి లేచేముందు, కొట్టు కట్టేసేముందు, రేపు మొదట చేయాల్సినవి కాగితం మీద రాసేస్తే చాలు. పాతకాలపు కిరాణా షావుకార్లు రాత్రి చిట్టా రాసి, సంతకం పెట్టి, అప్పుడే తాళం వేసేవారు. దాన్ని లెక్కల శుభ్రత అనుకున్నాం గానీ, అందులో నిద్ర శుభ్రత కూడా ఉంది.

మనసు పనిని వదలడానికి దాన్ని తిట్టి లాభం లేదు, వేరే దానికి అప్పజెప్పాలి. దీన్ని వివరించడానికి గోల్ఫూ, పడవ పందాలూ అక్కర్లేదు. అష్టాచెమ్మా చాలు. అరుగు మీద సుద్దముక్కతో అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్లు గీస్తారు. నాలుగు వైపులా మధ్య గళ్లలోనూ, నట్టనడిమి గడిలోనూ ఇంటూ గుర్తు పెడతారు. అవి ఇళ్లు, అక్కడున్న కాయను ఎవరూ చంపకూడదు. ఒకరివి చింతగింజలు, ఒకరివి గాజుముక్కలు, ఒకరివి చీపురుపుల్ల తుంపులు. గవ్వలు దొరక్కపోతే నాలుగు చింతపిక్కలను ఒక పక్క నేలకేసి అరగదీస్తారు, నల్ల తోలు పోయి తెల్లగా తేలేదాకా. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు గళ్లు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. రెండింటికీ ఇంకో పందెం ఉంటుంది.

ఆ అరుగు మీద కూర్చున్న మనిషి తల లోపల ఏం జరుగుతోందో చూడండి. లక్ష్యం స్పష్టంగా ఉంది, నడిమింటికి చేరాలి. వేసిన ప్రతి పందేనికీ ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. కొంత అదృష్టం, కొంత తెలివి. మూడు పడింది, దాంతో వెనకున్న కాయను ఇంట్లోకి చేర్చుకోవాలా, ముందున్న కాయతో వదినగారి కాయను చంపాలా? ఈ తర్జనభర్జనలో చీటీ డబ్బులకు చోటు లేదు. హంగరీ మూలాలున్న అమెరికన్ మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి జీవితమంతా అధ్యయనం చేసింది ఇలా లీనమైపోయే స్థితినే. సవాలు మన నేర్పుకు మరీ తక్కువైతే విసుగొస్తుంది, మరీ ఎక్కువైతే కంగారొస్తుంది. రెండూ సరిపోయినచోట మనిషి తనను తాను మరిచిపోతాడు. అష్టాచెమ్మాలో ఈ తూకం గవ్వలే చూసుకుంటాయి. ఏడేళ్ల మనవరాలు కూడా తాతను ఓడించగలదు, అందుకే ఇద్దరికీ ఆట రక్తి కడుతుంది.

ఆయనే 1989లో జుడిత్ లఫీవర్‌తో కలిసి చేసిన ఒక అధ్యయనంలో వింత విషయం బయటపడింది. అమెరికాలో ఉద్యోగులకు పేజర్లిచ్చి, అవి మోగినప్పుడల్లా ఏం చేస్తున్నారో, ఎలా ఉందో రాయించారు. ఆ లీనమయ్యే అనుభవం ఖాళీ సమయంలో కంటే పనిలోనే మూడింతలు ఎక్కువగా కనబడింది! అయినా పనిలో ఉన్నప్పుడు మాత్రం ఇంకేదైనా చేస్తే బాగుండునని వాళ్లే రాశారు. ఖాళీ దొరకగానే వాళ్లలో చాలామంది టీవీ ముందు కూలబడ్డారు. మనం ఇప్పుడు ఫోన్ ముందు కూలబడుతున్నాం.

ఫోన్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. దూరాన ఉన్న అక్కతో వీడియోకాల్ మాట్లాడటం, యూట్యూబ్ చూసి తబలా బోల్స్ నేర్చుకోవడం, పాత పాటలు వినడం, ఇవన్నీ సేద తీర్చేవే. చిక్కంతా ఆగని రీళ్లతో. వాటిలో నేర్పుకు పని లేదు, కాబట్టి ఇందాకటి నాలుగు అనుభవాల్లో మూడోది దొరకదు. తర్వాత ఏం రావాలో యంత్రం తేలుస్తుంది, కాబట్టి నాలుగోది దొరకదు. మధ్యలో ఆఫీసు గ్రూపు మెసేజ్ పైనుంచి జారి కనబడుతుంది, దాంతో మొదటిదీ పాయె. వేలు ఒక్కటే కదిలింది కాబట్టి రెండోదైనా దక్కిందనుకుంటాం. పడుకున్నది ఒళ్లే, కళ్లు కాదు.

దీనికి ముదిరిన రూపం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ. పేకాట మనకు కొత్త కాదు, పెళ్లిళ్లలో మగపెళ్లివారి విడిదిలో తెల్లవార్లూ సాగేది. కానీ అక్కడ నలుగురు మనుషులుండేవారు, ముహూర్తం వేళకి ముక్కలు కిందపెట్టక తప్పేది కాదు. ఫోన్లో ముహూర్తం ఉండదు. గెలుపు ఎప్పుడొస్తుందో తెలియకుండా అప్పుడప్పుడూ వస్తుంటే ఆ అలవాటు అన్నింటికన్నా గట్టిగా పట్టుకుంటుందని మనస్తత్వవేత్త స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాలతోనే తేలింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025లో కేంద్రమూ డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. వినోదమేదో, వ్యసనమేదో తేల్చుకోవడానికి నాకు తెలిసిన గుర్తు ఒక్కటే: అనుకున్నప్పుడు లేవగలుగుతున్నామా?

రోజుకు ఎంతసేపు తీరిక ఉంటే మంచిది? దీనికి కూడా ఓ లెక్క వేశారు. అమెరికన్ల సమయ వినియోగ సర్వేలను విశ్లేషించిన మారిసా షరీఫ్ బృందం 2021లో చెప్పిందేమంటే, ఖాళీ సమయం దాదాపు రెండు గంటల దాకా పెరిగేకొద్దీ మనుషుల తృప్తి పెరుగుతుంది. ఆ తర్వాత నిలకడగా ఉంటుంది. అయిదు గంటలు దాటితే తగ్గడం మొదలవుతుంది. అమెరికా అంకెలను గుంటూరుకు యథాతథంగా అతికించలేం. కానీ అదే పరిశోధనలో ఇంకో ముక్క మనకూ బాగా వర్తిస్తుంది. ఆ ఎక్కువ సమయాన్ని నలుగురితో కలిసో, ఏదైనా పనికొచ్చేది చేస్తూనో గడుపుతున్నట్టు ఊహించుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు.

రిటైరైన కొత్తలో చాలామంది మగవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. ముప్పై అయిదేళ్లు ఆఫీసు తప్ప మరో వ్యాపకం పెట్టుకోని మనిషికి ఒక్కసారిగా పది గంటలు ఖాళీ. పేపరు ఎనిమిదింటికల్లా అయిపోతుంది. ఇక వంటింట్లో పప్పు డబ్బాలు ఎక్కడ ఉండాలో భార్యకు సలహాలు మొదలవుతాయి. విశాఖలో తెల్లవారుజామున వాహనాలు ఆపేసిన బీచ్ రోడ్డు మీద నడిచే పెద్దల గుంపులను చూస్తే, అందులో నడక సగమే అనిపిస్తుంది. మిగతా సగం మాటలు, ఒకరి బీపీ మందు గురించి ఇంకొకరి ఆరాలు, మూడు రోజులు రాకపోతే ఫోన్ చేసి అడిగే మనిషి. పదహారు దేశాల్లో 65 ఏళ్లు దాటిన 93 వేల మందికి పైగా వివరాలతో 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన అధ్యయనం, ఏదో ఒక వ్యాపకం ఉన్నవాళ్లలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా, తృప్తి ఎక్కువగా ఉన్నట్టు చూపింది. ఆరోగ్యం బాగున్నవాళ్లే వ్యాపకాలు పెట్టుకోగలరు కదా అనే సందేహం సరైనదే. అందుకే దాన్ని మందుచీటీలా చదవకూడదు.

ఇంతవరకూ సమయం ఉన్నవాళ్ల సంగతి. అసలు సమయమే లేనివాళ్లు?

కేంద్ర గణాంక శాఖ 2024లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. పొద్దున నాలుగింటి నుంచి మర్నాడు నాలుగింటి దాకా, అరగంట చొప్పున, ఎవరేం చేశారో అడిగి రాసుకునే సర్వే ఇది. ఆరేళ్లు దాటినవారు వినోదం, తీరిక, టీవీ, ఆటలకు సగటున రోజుకు 171 నిమిషాలు ఇస్తున్నారని తేలింది. మగవాళ్లు 177, ఆడవాళ్లు 164. తేడా పదమూడు నిమిషాలే కదా అని సంతోషించే లోపే ఇంకో వరుస కనబడుతుంది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 88.

ఆ 164 నిమిషాలైనా ఎలాంటివో అంకె చెప్పదు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇంటికి మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. టీవీలో సీరియల్ నడుస్తోంది. దాని ముందు గోడకు చేరగిలబడి ఒళ్లో చాట పెట్టుకున్న ఆడమనిషి. తడిపిన తునికాకును కొలతకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పరచడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. చూపు తెర మీద, వేళ్లు ఆకు మీద. వెయ్యి బీడీలకింత అని కూలి కాబట్టి వేళ్లు ఆగితే డబ్బు ఆగుతుంది. ఆమె సీరియల్ చూస్తున్నట్టా, పని చేస్తున్నట్టా? పట్నంలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, పిల్లాడికి హోంవర్కు చెబుతూనో చూసే ఇల్లాలిదీ అదే కథ. ఇలాంటి తీరిక ముక్కలు కూడితే గంటలవుతాయి, కానీ నాలుగు అనుభవాల్లో ఒక్కటీ పూర్తిగా అందదు.

పాతకాలపు మన ఆడవాళ్లు దీనికి ఒక దారి కనిపెట్టారు. ‘కాసేపు ఆడుకుంటాను’ అంటే ఇంట్లో ఒప్పుకోరు. నోము అంటే ఎవరూ కాదనలేరు. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్దికి తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని, చీకట్లోనే వీధిలో ఆడి, చెట్టుకు ఉయ్యాల కట్టి ఊగడం వ్రతంలో భాగమే. బతుకమ్మ అంతకన్నా పెద్దది. అమావాస్య నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, తంగేడు, గునుగు, బంతి పూలు వరుసలు పేర్చి, వాకిట్లో పెట్టుకుని, చప్పట్లతో చుట్టూ తిరుగుతూ పాడటం. పూలు పేర్చే నేర్పు ఉంది, ఒంటి కదలిక ఉంది, తోడున్న గుంపు ఉంది, పుట్టింటికొచ్చిన కూతురికి అత్తగారింటి పనినుంచి సెలవు ఉంది. 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పండుగ చేసింది. సేద తీరడం గురించి ప్రయోగశాలల్లో తేల్చినవన్నీ ఆ వాకిట్లో ఉన్నాయి. చిక్కల్లా అవి ఏడాదిలో తొమ్మిది రోజులే.

పిల్లల విషయంలో మన రెండు రాష్ట్రాల రికార్డు ఏమంత చెప్పుకోదగ్గది కాదు. ఆడుకోవడం, విశ్రాంతి పిల్లల హక్కని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం అంటుంది. దానికి భారత్ 1992లోనే అంగీకరించింది. ఇంటర్ హాస్టళ్లలో తెల్లవారకముందు మొదలయ్యే స్టడీ అవర్సు రాత్రి పది దాకా సాగుతాయి. బడుల్లో టైంటేబుల్ మీదున్న గేమ్స్ పీరియడ్‌లోకి లెక్కల మాస్టారు సిలబస్ పేరు చెప్పి వచ్చేస్తారు. ఇంట్లోనూ ఆడుతున్న పిల్లాణ్ని చూస్తే ‘ఆ టైములో రెండు లెక్కలు చేసుకోవచ్చుగా’ అనకుండా నోరు ఊరుకోదు. తీరిక దండగ అని నమ్మేవాళ్లు ఆ తీరికను అనుభవించలేరని, వాళ్లలో ఒత్తిడి, కుంగుబాటు కూడా ఎక్కువని 2021లో గాబ్రియెలా టొనియెటో బృందం తేల్చింది. మనం ఆ నమ్మకాన్ని ఎనిమిదో తరగతిలోనే నాటుతున్నాం.

అలాగని సరదాలకు కూడా టైంటేబుల్ వేస్తే పని జరుగుతుందనుకోవద్దు. అయిదింటికి నడక, అయిదున్నరకు వీణ, ఆరింటికి ధ్యానం అని కట్టుదిట్టం చేస్తే అవి కూడా పనుల్లాగే బరువెక్కుతాయని టొనియెటో, ఆమెతో పనిచేసిన మల్కోచ్ 2016లోనే చూపించారు. ‘సాయంత్రం ఎప్పుడైనా కలుద్దాం’ అన్నంత వదులుగా అనుకుంటే ఆ బరువు రాదు. టైము చెప్పకుండా ‘సాయంత్రం రండి’ అని పిలిచే మన అలవాటును ఇన్నాళ్లూ వెక్కిరించుకున్నాం పాపం.

ఇక ఇంటి సంగతి. ‘ఆదివారం వంట నేను చేస్తాలే’ అనే మగవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు, మంచిదే. కానీ పదింటికి ‘కూర ఏం చేయమంటావు’, పదిన్నరకు ‘ధనియాల పొడి ఎక్కడుంది’, పదకొండింటికి ‘ఉప్పు చూడు’ అని పిలుస్తుంటే ఆమె చేతులు ఖాళీగా ఉంటాయి గానీ మనసు పొయ్యి దగ్గరే ఉంటుంది. వంటలో అలుపు తెచ్చేది గరిటె తిప్పడం ఒక్కటే కాదు. ఏం ఉంది, ఏం అయిపోయింది, ఎవరికి కారం పడదు, రాత్రికి ఏం మిగలాలి, ఇవన్నీ మోయడం. కూరేమిటో తానే తేల్చుకుని, సంచీ పట్టుకుని బజారుకు వెళ్లి, వండి, గిన్నెలు కడిగి బోర్లించి, ఉప్పు ఎక్కువైతే ఆ మాట కూడా తానే పడే మగవాడి ఇంట్లోనే ఆమెకు ఆదివారం వచ్చినట్టు లెక్క.